బంతిని ఉమ్మేసిన రోలరు

ఆక్లాండ్‌లోని హాబ్సన్‌విల్‌లో మన తెలుగు పిల్లలు రోబోటిక్స్ క్లబ్బు పెట్టుకున్నారు. వాళ్ళ తరఫున ఒక తల్లి ఫోన్ చేసి, "అంకుల్, మీ సక్సెస్ స్టోరీ ఒకటి తెలుగులో రాసిచ్చేయండి, మేం ఇంగ్లీషులోకి మార్చి పిల్లలకి చదివి వినిపిస్తాం" అంది. పావుగంట ఆలోచించాను. సక్సెస్ అని చెప్పుకోదగ్గవి నా ఉద్యోగంలో రెండే కనబడ్డాయి. ఒకటి, డిపార్ట్‌మెంటు కాఫీ మెషీన్‌ని మూడుసార్లు బాగుచేయడం. రెండోది, రిటైరయ్యేదాకా ఎవరికీ దొరక్కుండా ఉండడం. ఈ రెండోదాని గురించే రాస్తున్నాను. చదివి వినిపించాలో వద్దో ఆ తల్లే తేల్చుకోవాలి.

ఇక్కడికి రాకముందు హైదరాబాదులో, బాలానగర్‌లోని ఒక యంత్రాల ఫ్యాక్టరీలో, పందొమ్మిదేళ్ళు డ్రాయింగ్ ఆఫీసులో పనిచేశాను. నా గీతకి తిరుగులేదని నా నమ్మకం. చేతికింద ఉన్న కుర్రాళ్ళ గీతల్లో తప్పు దొరికితే ఆ రోజు నాకు భోజనం రుచిగా ఉండేది. డ్రాయింగ్ మూలలో వేయాల్సిన చిన్న గుర్తొకటి ఉంటుంది. అది మరిచిపోయినవాణ్ణి నలుగురి ముందు నిలబెట్టి, "ఇది కాగితానికి బొట్టురా, ఇది లేకుండా బయటికి పంపకు" అనేవాణ్ణి. ఆ మాట ఎంత బాగుందో అని నాకు నేనే మురిసిపోయేవాణ్ణి కూడా.

ఆ గుర్తు సంగతి మీకు కాస్త చెప్పాలి. ఇదొక్కటే ఈ కథలో పాఠం, తర్వాత అంతా నా పరువు. ఒక వస్తువుని కాగితం మీద ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి గీస్తాం. కుడిపక్కనుంచి చూసిన బొమ్మని కాగితం మీద కుడివైపు వేయాలా, ఎడమవైపు వేయాలా అన్న దగ్గర లోకం రెండు ముక్కలైంది. ఇండియాలో మేం ఎడమవైపు వేస్తాం, దాన్ని ఫస్ట్ యాంగిల్ అంటారు. న్యూజిలాండ్‌లో కుడివైపు వేస్తారు, అది థర్డ్ యాంగిల్. రెండూ ఒప్పే. కాకపోతే ఏ పద్ధతిలో గీశామో ఆ చిన్న గుర్తు చెప్పాలి. చెప్పకపోతే కుడిపక్క ఉండాల్సింది ఎడమపక్క తయారవుతుంది.

రెండువేల తర్వాత కొద్ది ఏళ్ళకే మేం ఆక్లాండ్ చేరాం. మొదటి పదకొండు నెలలు బ్రెడ్ ఫ్యాక్టరీలో ట్రేలు ఎత్తాను. డ్రాయింగ్ ఆఫీసులో సింహాన్నని అక్కడ ఎవరికీ తెలియలేదు, నేను చెప్పినా వినేవాళ్ళు లేరు. తర్వాత సిటీ సెంటర్‌లో ఇంజనీరింగ్ నేర్పే ఒక సంస్థలో టెక్నికల్ ఆఫీసర్‌గా కాంట్రాక్టు దొరికింది. మేముండే పాపకూర నుంచి రైల్లో మెడలో ఐడీ కార్డు వేసుకుని వెళ్ళేవాణ్ణి. కార్డు చొక్కా లోపలికి పోతే బయటికి తీసి అందరికీ కనబడేలా పెట్టుకునేవాణ్ణి.

మా వర్క్‌షాప్ మెట్ల కింద ఉండేది. అక్కడ లేత్ మీద పనిచేసే టర్నర్ ఒకాయన, అరవైకి దగ్గరపడ్డ కివీ, అంటే న్యూజిలాండ్ మనిషి. అక్కడే ఇరవై రెండేళ్ళుగా ఉన్నాడు. చలికాలంలో కూడా నిక్కరే. ఏది అడిగినా "షీల్ బి రైట్, మేట్" అనేవాడు, అంటే అదే సర్దుకుంటుందిలే అని. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. పని అన్నాక మిల్లీమీటరులో పదోవంతు దాకా లెక్క ఉండాలి గానీ, సర్దుకోవడమేమిటి?

ఆయన మాట మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. వాళ్ళ నోట పెన్ను పిన్ను లాగా పలుకుతుంది, వచ్చిన వారంలోనే పెన్ను అడిగితే గుండుసూది ఇచ్చాను. ఆ తర్వాత ఒక ఉపాయం కనిపెట్టాను. ఎవరేం అడిగినా చిరునవ్వుతో "యెస్, యెస్" అనడం. ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మానాన్నల్ని అడిగి చూడండి, ఒప్పుకోరు గానీ వాళ్ళూ అన్నవాళ్ళే. ఈ యెస్ వల్ల ఒకసారి రగ్బీ టికెట్ల లాటరీలో చేరాను, ఇంకోసారి ఎవరి కుక్కనో శని ఆదివారాలు చూసుకుంటానని ఒప్పుకున్నాను.

ఆ ఏడాది మా హెడ్‌గారికి రోబోల పోటీ మీద మనసు పడింది. ఆయన మేనేజ్‌మెంట్ కోర్సు చేసొచ్చిన మనిషి, షూకి నూనె అంటుతుందని వర్క్‌షాప్ మెట్లు దిగేవాడు కాదు. పోటీ ఏమిటంటే, జట్టుకి ఐదు చొప్పున డబ్బాల్లాంటి చిన్న రోబోలు నారింజ రంగు గోల్ఫ్ బంతితో ఫుట్‌బాల్ ఆడాలి. రోబోకి కాళ్ళు లేవు గనక బంతిని దగ్గర పెట్టుకోవడానికి ముందువైపు ఒక రబ్బరు రోలరు ఉంటుంది. అది బంతి వీపుకి కాస్త పైన ఆనుకుని కిందికి తిరుగుతుంటే, బంతి వెనక్కి దొర్లుతూ రోబోని వదలకుండా అంటుకుని ఉంటుంది. పైకి తిరిగిందంటే బంతి అవతలికి పారిపోతుంది. మన చీపురుకీ చెత్తకీ ఉన్న సంబంధమే.

ఆ రోలరుని పట్టుకునే బ్రాకెట్టు గీయడం నా వంతు. కుడిపక్క మోటారు, ఎడమపక్క బ్యాటరీ. విద్యార్థుల జట్టుకి లీడరు గుంటూరు నుంచి వచ్చి మాస్టర్స్ చేస్తున్న ఒక అమ్మాయి. సిటీలో నలుగురితో కలిసి ఫ్లాట్‌లో ఉంటూ, సాయంత్రాలు డైరీలో, అంటే ఇక్కడి కిరాణా కొట్లో, పనిచేసేది. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేది. నా భార్యకి ఆ అమ్మాయంటే ప్రాణం.

నేను హైదరాబాదు నుంచి సీడీలో తెచ్చుకున్న డ్రాయింగ్ ఫార్మాటు మీద బ్రాకెట్టు గీశాను. అందులో మా పాత ఫ్యాక్టరీ పేరుంది. అది కనబడితే బాగోదని కింది మూల గడి మొత్తం చెరిపేశాను. చెరిపేసిన గడిలో ఫ్యాక్టరీ పేరుతోపాటు ఆ గుర్తు కూడా ఉంది. పందొమ్మిదేళ్ళు ఇతరుల కాగితాలకి బొట్టు వెతికిన నాకు నా కాగితం బోసిగా ఉందని కనబడలేదు.

రెండు రోజుల తర్వాత టర్నర్ డ్రాయింగ్ పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడ్డాడు. బయట ఎవరో గోడకి డ్రిల్లింగ్ చేస్తున్నారు. ఆయన కాగితం మీద వేలు పెట్టి ఏదో అడిగాడు. చివర "ఇజ్ ఇట్?" ఒక్కటే నా చెవిన పడింది. పన్నెండు గంటలైంది గనక తిండి సంగతేమో అనుకున్నాను. "యెస్, యెస్" అన్నాను. ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి కాగితం మీద ఏదో గిలికి వెళ్ళిపోయాడు. నేను డబ్బా తెరిచి పులిహోర తిన్నాను.

పోటీకి పన్నెండు రోజుల ముందు ఐదు బ్రాకెట్లూ బిగించి హెడ్‌గారి ఎదుట మొదటి రోబోని వదిలారు. అది బుద్ధిగా బంతి దగ్గరికి వెళ్ళింది, రోలరు తాకించింది, బంతిని గది చివరికి ఉమ్మేసింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ ఉమ్మేసింది. గుంటూరు అమ్మాయి వంగి చూసి, "మోటార్ ఎడమపక్కకొచ్చిందండీ, అందుకే రివర్సులో తిరుగుతోంది" అని, రెండు వైర్లు అటుదిటు మార్చింది. రోలరు దారికొచ్చింది గానీ మోటారు కూర్చున్నది బ్యాటరీ చోట్లో. బ్యాటరీని నెత్తిన కట్టి నడిపిస్తే మలుపు తిరగ్గానే రోబో పక్కకి పడింది. ఐదు బ్రాకెట్లూ పనికిరానివే.

"ఎవరి తప్పు?" అన్నాడు హెడ్‌గారు. బాగుచేయడం ఎలా అని అడగలేదు, ఆయన కోర్సులో అది లేదేమో. ఆ రోజుల్లో మా సంస్థలో రీస్ట్రక్చరింగ్ నడుస్తోంది. వర్క్‌షాప్‌కి ఇద్దరెందుకు, ఒకరు చాలు అని ఉత్తరం వచ్చింది. ఆ ఇద్దరూ టర్నరూ నేనూ. పోటీ అయిన వారానికి నిర్ణయం. నాకు మళ్ళీ ఆ బ్రెడ్ ట్రేలు కళ్ళముందు కదిలాయి.

నేను డ్రాయింగ్ తెచ్చి బల్లమీద పరిచాను. "సర్, మోటార్ ఇక్కడ కుడిపక్కనే ఉంది, చూడండి" అన్నాను. నేను అబద్ధమాడలేదు, మనస్ఫూర్తిగా నమ్మే అన్నాను. హెడ్‌గారు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, "క్లియర్‌గా ఉంది" అన్నాడు.

టర్నర్ని పిలిపించారు. ఆయన చేతులు తుడుచుకుంటూ, "కాగితంలో ఉన్నదే చేశాను. అతన్ని అడిగాను కూడా. నా కాపీ కింద గోడకుంది, వచ్చి చూడండి" అన్నాడు.

"వస్తాను" అన్నాడు హెడ్‌గారు. రాలేదు. మెట్లు పద్నాలుగు.

ఆ శనివారం పాపకూరలో మావాళ్ళింట్లో పాట్‌లక్, అంటే ఇంటికో వంటకం తెచ్చుకునే విందు, జరిగింది. ప్లేటులో బగారా అన్నం పెట్టుకుని పదిమంది మధ్య ఈ కథంతా నా పద్ధతిలో చెప్పాను. నిక్కరు మనిషికి డ్రాయింగ్ చదవడం రాదన్నాను. "ఈళ్ళకు మన స్టాండర్డ్ ఏడుందన్నా" అన్నాడొకాయన. అందరూ తలూపారు. ఆ పూట నేను తిన్నంత తృప్తిగా ఎవరూ తిని ఉండరు.

సోమవారం గుంటూరు అమ్మాయి నా గదికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. చేతిలో బిస్కెట్ల అట్టపెట్టెతో చేసిన బ్రాకెట్టు బొమ్మ ఉంది. మళ్ళీ పొరపాటు రాకూడదని అట్ట కత్తిరించి టర్నర్‌కి చూపించిందట. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఓహో, ఫస్ట్ యాంగిల్" అన్నాడట.

"అంకుల్, ఒక మాటండీ. ఇక్కడ థర్డ్ యాంగిల్ కదండీ. మీరు మన అలవాటులో గీసేశారేమో. కాగితం మీద గుర్తు కూడా లేదండీ" అంది.

"ఉంటుంది, సరిగ్గా చూడు" అన్నాను.

"చూశానండీ. మీరు కూడా ఒకసారి కిందికెళ్ళి చూడండి. గోడకే ఉంది."

పద్నాలుగు మెట్లూ దిగాను. టర్నర్ టీకి వెళ్ళినట్టున్నాడు. లేత్ పక్కన గోడకి నా డ్రాయింగ్ ఉంది, మేకుకి కళ్ళెదురుగా తగిలించి. నేను చెరిపేసిన మూలలో ఆయన పెన్సిల్‌తో థర్డ్ యాంగిల్ గుర్తు తన చేత్తో వేశాడు. దాని పక్కన పొట్టి అక్షరాల్లో రాసుకున్నాడు: "అడిగాను. యెస్ అన్నాడు." ఆ రోజు గుమ్మంలో ఆయన అడిగింది తిండి సంగతి కాదు. నా కాగితానికి లేని బొట్టు ఆయన పెట్టాడు, పెట్టేముందు నన్ను అడిగాడు.

అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు. అయినా సిగ్గు పడడం వేరు, నోరు తెరవడం వేరు. ఆ కాగితం పీకి జేబులో పెట్టుకుందామా అనిపించింది. దానికీ ధైర్యం చాలలేదు. అలాగే వదిలేసి పైకి వచ్చేశాను. హెడ్‌గారు ఎలాగూ రాడని నాకు తెలుసు.

"చూశారా అండీ?" అంది ఆ అమ్మాయి.

"చూశాను. పోటీ అవనీ, నేనే చెప్తాను. ఇప్పుడు చెప్తే అంతా గందరగోళమవుతుంది" అన్నాను.

"హెడ్‌కి చెప్పడానికి ఒక్క నిమిషం చాలండీ."

"పోటీ అవనీమ్మా."

ఆమె అట్టబొమ్మ తీసుకుని కిందికి వెళ్ళిపోయింది. టర్నర్ ఆ అట్టబొమ్మ చూసి నాలుగు రోజుల్లో ఐదు బ్రాకెట్లూ మళ్ళీ చేశాడు. మెట్ల దగ్గర ఎదురుపడితే ఎప్పటిలాగే కనుబొమలు ఎగరేసి పలకరించేవాడు. తిట్టి ఉంటే నాకు బాగుండేది, నేనూ ఎదురు తిట్టి తేలికపడేవాణ్ణి.

పోటీ రోజు హాలు నిండింది. నాలుగు జట్లు వచ్చాయి. మా రోలరు బంతిని పట్టుకున్న తీరు చూసి పక్క జట్టువాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. బంతి రోబో ముక్కుకి అంటుకుని, ఎటు తిరిగితే అటు వచ్చింది. ఒక ఆట గెలిచాం. తర్వాత కిటికీలోంచి ఎండపడి, రోబోలకి దారి చూపే పైనున్న కెమెరాకి బంతి కనబడక, మా రోబోలు ఐదూ గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయాయి. మొత్తానికి నాలుగు జట్లలో మూడో స్థానం. హెడ్‌గారు దాన్ని పోడియం ఫినిష్, అంటే మొదటి ముగ్గురిలో చోటు, అన్నాడు.

మైకు పట్టుకుని ఆయన, "వర్క్‌షాప్ వైపు కొన్ని క్వాలిటీ సమస్యలున్నా, మా టెక్నికల్ ఆఫీసర్ డిజైన్ మమ్మల్ని నిలబెట్టింది" అని నన్ను ముందుకి పిలిచాడు. హాలు చివర, తలుపు దగ్గర, టర్నర్ నిలబడి మీట్ పై, అంటే మాంసం కూరిన బేకరీ తిండి, తింటున్నాడు. ఆ రోజుకి చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు, నిక్కరు మాత్రం అదే. గుంటూరు అమ్మాయి రోబోని ఒళ్ళో పెట్టుకుని మొదటి వరసలో నన్నే చూస్తోంది. ఆమె అడిగిన ఒక్క నిమిషం నా చేతిలో ఉంది, మైకుతో సహా.

నేను హెడ్‌గారికి థాంక్స్ చెప్పాను. పిల్లలకి చెప్పాను. నా భార్యకి చెప్పాను. చివర, "బ్రాకెట్లు సమయానికి సరిచేసిన వర్క్‌షాప్‌కి కూడా ప్రత్యేకంగా థాంక్స్" అన్నాను. గమనించండి, ఆ వాక్యంలో ఒక్క అబద్ధం లేదు. పందొమ్మిదేళ్ళు గీతలు గీసినవాణ్ణి, గీత ఎక్కడ ఆపాలో తెలుసు. అందరూ చప్పట్లు కొట్టారు. టర్నర్ కూడా మీట్ పై చుట్టిన కాగితం చంకలో పెట్టుకుని కొట్టాడు. ఆ అమ్మాయి తలవంచుకుని బ్యాటరీ ఊడదీస్తోంది.

మరుసటి వారం టర్నర్ పోస్టు తీసేశారు. కారణాల్లో క్వాలిటీ ఒకటని తర్వాత విన్నాను. మార్నింగ్ టీ పెట్టి, కేకు కోసి, కార్డు మీద అందరి సంతకాలూ పెట్టించారు. నేనూ పెట్టాను. ఏం రాయాలో తోచక "ఆల్ ద బెస్ట్" రాసి, కింద గీత కూడా కొట్టాను. ఆయన స్పీచ్, "లేత్‌కి వారానికోసారి నూనె పెట్టండి. చీర్స్" అంతే.

నా కాంట్రాక్టు పర్మనెంట్ అయింది. గోడమీద డ్రాయింగ్ ఆ తర్వాత కూడా చాలా కాలం ఉంది, పెయింట్ వేసినవాళ్ళు ఎప్పుడో తీసి పారేసినట్టున్నారు.

ఆదివారాలు ఆ అమ్మాయి రావడం మానేసింది. "పిల్ల ఎందుకొస్తలేదండీ? ఫోన్ జేస్తే పరీక్షలంటది. గిన్ని రోజులు పరీక్షలుంటయా?" అంది నా భార్య.

"ఉంటాయిలే" అన్నాను.

"మీరేమన్న అన్నరా?"

"నేనేం అనలేదు" అన్నాను. అది నిజమే. నేనేం అనకపోవడమే జరిగింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను గీసిన ప్రతి డ్రాయింగ్ మీదా ఆ గుర్తుని మామూలుకన్నా రెండింతలు పెద్దగా వేశాను. కుర్రాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నా వీడ్కోలు రోజున ఒకతను, "ప్రొజెక్షన్ గుర్తు ఎంత ముఖ్యమో మాకు నేర్పింది మీరే" అని మెచ్చుకుని, ఆ గుర్తుని చెక్క మీద చెక్కించి జ్ఞాపికగా ఇచ్చాడు. అది మా హాల్లో టీవీ పక్కన ఉంది. వచ్చినవాళ్ళు ఏదో అవార్డు అనుకుంటారు.

ఇక అసలు సంగతి. టర్నర్ వెళ్ళిపోయిన మూడేళ్ళకి అనుకుంటాను, పాపకూరలో కంచెకి స్క్రూలు కొనడానికి ఒక హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళాను. కౌంటర్ వెనక ఆయనే ఉన్నాడు. ఆకుపచ్చ ఏప్రన్, కింద నిక్కరు. నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు. స్క్రూ ఒకటి వేళ్ళమధ్య తిప్పి, "బయట కట్టేదానికి ఇది తుప్పు పడుతుంది, గాల్వనైజ్డ్ తీసుకో" అని తనే వెళ్ళి మార్చి తెచ్చాడు. నా వెనక ఎవరూ లేరు. డ్రిల్లింగ్ చప్పుడు లేదు. అప్పటికి ఈ దేశంలో ఐదేళ్ళు కావస్తోంది, వాళ్ళ మాట నాకు రేడియోలో రగ్బీ కామెంటరీ దాకా అర్థమయ్యేది.

స్క్రూలు లెక్కపెడుతూ, తలెత్తకుండా అడిగాడు. "ఆ యాంగిల్ సంగతి... తర్వాతెప్పుడైనా వాళ్ళకి చెప్పావా, మేట్?"

ప్రతి మాటా స్పష్టంగా వినబడింది.

"యెస్" అన్నాను.

ఆయన లెక్క ఆపి నా మొహంలోకి చూశాడు. సంతోషించాడు, నాకు ఇప్పటికీ గుర్తుంది, నిజంగానే సంతోషించాడు. "గుడ్ ఆన్ యూ", అంటే మంచి పని చేశావ్ అని, రెండు స్క్రూలు ఎక్కువే వేసి సంచీ నా చేతికిచ్చాడు.